బ్రౌజర్‌లో గొంతు రికార్డు చేయడానికి ఏ మార్గం మేలు: ప్లగిన్లు, బ్రౌజర్ సొంత సదుపాయం, యాప్ తొడుగు

గోదావరి డెల్టాలో వెబ్ అప్లికేషన్లు తయారుచేసేవారిని ఇప్పుడు ఎక్కువమంది అడుగుతున్నది ఒక్కటే: వాడేవారు టైపు చేయనక్కరలేదు, మాట్లాడితే చాలు అన్నట్టుగా ఉండాలి. భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టుపక్కల రొయ్యల రైతు చెరువు గట్టు మీద నిలబడి, నీటి రంగు మారిందనో మేత మిగిలిపోతున్నదనో తన మాటల్లోనే చెప్పి పంపగలగాలి. కోనసీమ లంక గ్రామాలలో పెద్దవారి నోట మిగిలి ఉన్న పాటలను సేకరించే విద్యార్థి వాటిని అక్కడికక్కడే రికార్డు చేసుకోగలగాలి. కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో పిల్లల చేత తెలుగు పైకి చదివించే ఆటను తయారుచేస్తున్నవారికి పిల్లవాడి ఉచ్చారణ ఆటలోపలికి చేరాలి. ఈ మూడింటికీ కావలసింది మైకే అయినా, మూడింటికీ ఒకే మార్గం సరిపోదు.

నా అభిప్రాయాన్ని మొదటే చెబుతాను. మైకును తెరిచే పనిని ఎప్పుడూ బ్రౌజర్ సొంత సదుపాయానికే అప్పగించాలి. ప్లగిన్ (అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాము) అనేది అవసరమైతే, ఆ ధ్వనిని బ్రౌజర్ నుంచి మీ అప్లికేషన్ లోపలికి చేర్చే పల్చని పొరగా మాత్రమే ఉండాలి. ప్లగిన్ ఆ పరిధి దాటి, మైకునూ అనుమతులనూ ఫైలు రూపాన్నీ అన్నిటినీ తానే చూసుకుంటానన్నప్పుడు, కొన్నేళ్ల తరువాత ఆ అప్లికేషన్‌ను కాపాడుకోవడం కష్టమవుతుంది. ఈ రంగం చరిత్ర అంతా అదే చెబుతున్నది.

పాత ప్లగిన్ల సంగతి

బ్రౌజరుకు మైకును అందుకునే శక్తి లేని రోజుల్లో ఆ పనిని అడోబీ ఫ్లాష్ ప్లేయర్ అనే ప్లగిన్ చేసేది. మొదట్లో ఆ ధ్వనిని పేజీలోనే పట్టి ఉంచుకునే వీలు ఉండేది కాదు. ఫ్లాష్ మీడియా సర్వరుకో, రెడ్5 వంటి ఓపెన్ సోర్స్ సర్వరుకో పంపించి అక్కడ రికార్డు చేయించవలసి వచ్చేది. 2010లో వచ్చిన ఫ్లాష్ ప్లేయర్ 10.1తో ముడి శాంపిళ్లు (సెకనుకు వేలసార్లు కొలిచిన, కుదించని ధ్వని విలువలు) నేరుగా చేతికందాయి. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ సిల్వర్‌లైట్ 4లో మైకు మద్దతును చేర్చింది. జావా యాప్లెట్లు (పేజీలో నడిచే చిన్న జావా ప్రోగ్రాములు) అంతకుముందునుంచే ఆ పని చేయగలిగినా, సంతకం చేసిన యాప్లెట్ కావడం, వాడేవారి కంప్యూటరులో సరైన జావా ఉండడం అనే రెండు షరతులు వాటికి అడ్డుగా ఉండేవి.

ఇవన్నీ ఇప్పుడు పోయాయి. క్రోమ్ 2015లో వచ్చిన 45వ వెర్షన్‌తో పాత ప్లగిన్ పద్ధతిని పూర్తిగా తొలగించింది. ఫైర్‌ఫాక్స్ 2017లో వచ్చిన 52వ వెర్షన్‌లో ఒక్క ఫ్లాష్‌ను మినహాయించి మిగిలినవాటిని ఆపేసింది. జావా 11 నుంచి బ్రౌజర్ ప్లగిన్ లేదు. అడోబీ 2020 డిసెంబరు 31న ఫ్లాష్‌కు మద్దతు ముగించి, 2021 జనవరి 12 నుంచి ప్లేయరులోనే కంటెంటు నడవకుండా అడ్డుకుంది. సిల్వర్‌లైట్ మద్దతు 2021 అక్టోబరు 12తో ముగిసింది. అయినా వీటిని ప్రస్తావించడానికి కారణం ఉంది. పాత రికార్డర్ లైబ్రరీలలో ‘బ్రౌజరుకు చేతకాకపోతే ఫ్లాష్‌ను పిలువు’ అనే శాఖ ఇంకా కనిపిస్తుంది. మీ కోడులో అది ఉంటే తీసివేయండి. ఆ శాఖలోకి వెళ్లిన వాడుకరికి ఏ సందేశమూ కనిపించదు, బటన్ నొక్కితే ఏమీ జరగదు. తప్పు తన ఫోనుదే అనుకుని వెళ్లిపోతాడు.

బ్రౌజర్ సొంత సదుపాయం

గెట్‌యూజర్‌మీడియా అనే పిలుపుతో బ్రౌజరే మైకును తెరిచి ధ్వని ప్రవాహాన్ని పేజీకి ఇస్తుంది. క్రోమ్‌లో ఇది 2012 నుంచి, ఐఫోనులోని సఫారీలో 2017లో ఐఓఎస్ 11తో అందుబాటులోకి వచ్చింది. ఐఫోనులో సఫారీ కాని బ్రౌజర్లకూ, యాప్‌ల లోపలి వెబ్‌వ్యూలకూ (వెబ్ పేజీని చూపే భాగాలకూ) మాత్రం ఐఓఎస్ 14.3 వరకు ఈ వీలు దక్కలేదు. ఈనాడు డెల్టా ఊళ్లలో జనం చేతుల్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో, అవి తక్కువ ధరవే అయినా, ఇది పనిచేస్తుంది. అందువల్ల పోలికలో ఇదే మొదటి స్థానంలో నిలుస్తుంది. అయితే దీనికి ఉన్న షరతులను ముందే తెలుసుకోకపోతే, పనిచేయదని తొందరపడి ప్లగిన్ల వైపు వెళ్లే ప్రమాదం ఉంది.

మొదటి షరతు సురక్షిత చిరునామా. క్రోమ్ 47 నుంచి హెచ్‌టీటీపీఎస్ లేని పేజీకి మైకు ఇవ్వదు. లోకల్‌హోస్ట్‌కు (కంప్యూటరు తనను తాను పిలుచుకునే చిరునామాకు) మాత్రం మినహాయింపు ఉంది. కంప్యూటరులో లోకల్‌హోస్ట్ మీద చక్కగా నడిచిన అప్లికేషన్‌ను, అదే వైఫైలో ఉన్న ఫోనులో 192.168తో మొదలయ్యే చిరునామాతో తెరిస్తే, అనుమతి అడగడం అటుంచి మైకు సదుపాయమే లేనట్టు ప్రవర్తిస్తుంది. కొత్తగా ఈ పని చేపట్టినవారు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. పరీక్ష కోసమైనా ఒక సర్టిఫికెట్ పెట్టుకోవడం, లేదా యూఎస్‌బీ తీగతో ఫోనును కంప్యూటరుకు కలిపి పోర్టును మళ్లించుకోవడం దీనికి పరిష్కారం.

రెండవది అనుమతి అడిగే వేళ. పేజీ తెరుచుకోగానే మైకు అడిగితే, ఎందుకో తెలియని రైతు ‘వద్దు’ నొక్కుతాడు. ఒకసారి వద్దంటే క్రోమ్ ఆ సైటుకు మళ్లీ అడగదు, చిరునామా పక్కనున్న గుర్తు నొక్కి సెట్టింగులలో మార్చుకోవలసిందే. దాన్ని ఒక పెద్దాయనకు ఫోనులో వివరించడం ఎంత కష్టమో ఈ పనిలో ఉన్నవారికి తెలుసు. అందుకే ముందు తెలుగులో ఒక వాక్యం చూపించి, ‘మాట్లాడండి’ అనే బటన్ నొక్కిన తరువాతే మైకును తెరవాలి. గొంతు వ్యక్తిగత సమాచారమే కనుక, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమ్మతి కోరే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో చదువుకునే వీలు ఇవ్వాలంటున్నది. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది.

మూడవది శబ్ద శుద్ధి. ప్రతిధ్వని తొలగింపు, నేపథ్య శబ్దం తగ్గింపు, ధ్వని స్థాయి సర్దుబాటు అనే మూడు సెట్టింగులను బ్రౌజరుకు మీరే చెప్పవచ్చు. చెరువు దగ్గర నీటిలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఒకే తీరుగా హోరెత్తుతుంటాయి. అలాంటి ఎడతెగని శబ్దాన్ని తగ్గించడంలో ఈ శుద్ధి బాగా పనిచేస్తుంది కనుక రైతుల అప్లికేషన్‌కు మూడూ ఉంచాలి. గాలి నేరుగా మైకును తాకినప్పుడు వచ్చే చప్పుడును మాత్రం ఏ సెట్టింగూ పూర్తిగా తీయలేదు. ఫోనును అరచేతితో కాస్త చాటు చేసుకోమని తెర మీద రాయడమే మేలు. పాటల సేకరణకు ఇది పూర్తిగా తిరగబడుతుంది. ఈ శుద్ధి మాట కోసం తయారైనది కనుక, సాగదీసిన స్వరాన్నీ డప్పు మోతనూ శబ్దంగా భావించి కోసేస్తుంది. ధ్వని స్థాయి సర్దుబాటు పాటలోని హెచ్చుతగ్గులను చదును చేస్తుంది. పాట రికార్డు చేసేటప్పుడు మూడింటినీ ఆపండి. ఒకసారి దెబ్బతిన్న రికార్డింగును తరువాత ఏ సాఫ్ట్‌వేరూ మునుపటిలా చేయలేదు, ఆ పాట పాడినవారు మళ్లీ పాడతారన్న నమ్మకమూ లేదు.

మీడియారికార్డరా, ముడి శాంపిళ్లా

మైకు తెరుచుకున్న తరువాత ధ్వనిని పట్టి ఉంచడానికి రెండు పద్ధతులున్నాయి. మీడియారికార్డర్ ధ్వనిని కుదించి ఫైలుగా ఇస్తుంది. ఆడియోవర్క్‌లెట్ కుదించని శాంపిళ్లను 128 చొప్పున మీ కోడుకు అందిస్తుంది. రెండవదానికి ముందు స్క్రిప్ట్‌ప్రాసెసర్ అనే పద్ధతి ఉండేది. అది పేజీ ప్రధాన పనితోపాటే నడవడం వల్ల నెమ్మది ఫోన్లలో మాట మధ్యలో తునకలు జారిపోయేవి. ఆ పద్ధతిని వాడవద్దని ప్రమాణాలే చెబుతున్నా, పాత నమూనా కోడులో అది ఇప్పటికీ కనిపిస్తుంది.

వీటిమధ్య ఎంపికను పరిమాణమే తేలుస్తుంది. సెకనుకు 48,000 శాంపిళ్ల వేగంతో, 16 బిట్లతో, ఒకే చానెలులో కుదించని ధ్వని నిమిషానికి దాదాపు 5.8 మెగాబైట్లు అవుతుంది. అదే గొంతును ఓపస్ పద్ధతిలో సెకనుకు 32 కిలోబిట్ల చొప్పున కుదిస్తే నిమిషానికి సుమారు 240 కిలోబైట్లే. మాట వరకు ఆ స్థాయి నిక్షేపంగా సరిపోతుంది. చెరువు గట్టు నుంచి పంపే సందేశానికి మీడియారికార్డర్ తప్ప వేరే ఆలోచన అక్కరలేదు. పాటల భాండాగారానికి మాత్రం కుదించని ధ్వనినే నేను సిఫారసు చేస్తాను, ఎందుకంటే ఆ ఫైలును మరో ముప్పై ఏళ్ల తరువాత ఎవరు ఏ పరిశోధనకు వాడతారో ఇప్పుడు ఊహించలేము. ఉచ్చారణ సరిచూసే ఆటకు కూడా ముడి శాంపిళ్లే కావాలి, కానీ అక్కడ 16,000 శాంపిళ్ల వేగం చాలు. నిమిషానికి రెండు మెగాబైట్ల లోపే.

మీడియారికార్డరు ఫైలు రూపం అన్ని బ్రౌజర్లలో ఒకటి కాదు. క్రోమ్ సాధారణంగా వెబ్ఎమ్ అనే ఫైలు సంచిలో (కంటెయినర్‌లో) ఓపస్‌ను ఇస్తుంది. 2021లో ఐఓఎస్ 14.5తో ఈ సదుపాయాన్ని ప్రవేశపెట్టిన సఫారీ ఎంపీ4 సంచిలో ఏఏసీ అనే మరో కుదింపును ఇచ్చింది. కనుక రికార్డు మొదలుపెట్టే ముందు ఏ రూపం చేతనవునో బ్రౌజరునే అడిగి, వచ్చిన రూపం పేరును ఫైలుతోపాటు సర్వరుకు పంపి, అక్కడ ఎఫ్ఎఫ్ఎమ్‌పెగ్ అనే మార్పిడి ప్రోగ్రాముతో ఒకే రూపానికి మార్చుకోవాలి. క్రోమ్ ఇచ్చే వెబ్ఎమ్ ఫైలులో మొత్తం నిడివి రాసి ఉండకపోవడం వల్ల ప్లేయరులో ముందుకు జరపడం కుదరని సమస్య కూడా ఈ మార్పిడితోనే తీరిపోతుంది.

సిగ్నల్ లేని చోట

మన ప్రాంతానికి దీన్ని విడిగా చెప్పవలసిందే. లంకల్లో, సముద్రానికి దగ్గరి ఊళ్లలో, నర్సాపురం–సఖినేటిపల్లి రేవులో పంటు మీద నది దాటుతున్నప్పుడు సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. రికార్డు పూర్తికాగానే నేరుగా పంపే పద్ధతిని నమ్ముకుంటే, పంపడం విఫలమైన క్షణంలో ఆ మాట పోతుంది. మీడియారికార్డరును కొన్ని సెకన్లకొక తునక ఇవ్వమని అడిగి, ప్రతి తునకనూ వెంటనే ఇండెక్స్‌డ్‌డీబీలో (ఫోనులోనే ఉండే బ్రౌజర్ నిల్వలో) దాచి, సిగ్నల్ వచ్చినప్పుడు వరుస తప్పకుండా పంపాలి. మొదటి తునక లేకుండా తరువాతివి విడిగా వినబడవు కనుక వరుస సంఖ్య తప్పనిసరి. ఫోను మోగినా, బ్యాటరీ అయిపోయినా అప్పటివరకు చెప్పినది మిగులుతుంది.

సఫారీలో ఇంకో జాగ్రత్త ఉంది. వాడుకరి ఏడు రోజుల బ్రౌజర్ వాడకంలో ఆ సైటును ముట్టుకోకపోతే, సైటు దాచుకున్న సమాచారాన్ని సఫారీ తుడిచివేస్తుంది; హోమ్ స్క్రీన్ మీద చేర్చుకున్న వెబ్ యాప్‌కు ఈ నియమం వర్తించదు. ఐఫోను వాడే సేకరణకర్తలు ఉంటే ఆ చేర్చుకునే పనిని మొదటి రోజే చేయించండి.

గేమ్ ఇంజన్‌లో కట్టిన అప్లికేషన్‌కు

ప్లగిన్ నిజంగా అవసరమయ్యే సందర్భం ఇది. యూనిటీ అనే గేమ్ ఇంజన్‌లో (ఆటలు తయారుచేసే పనిముట్టులో) కట్టిన ఆటను ఫోను యాప్‌గా విడుదల చేస్తే దాని మైక్రోఫోన్ క్లాసు మామూలుగా పనిచేస్తుంది, కానీ అదే ఆటను వెబ్ కోసం బిల్డు చేసినప్పుడు ఆ క్లాసుకు మద్దతు లేకపోవడం చాలాకాలంగా ఉన్న పరిమితి. సీషార్ప్ భాషలో రాసిన ఆట వెబ్‌అసెంబ్లీగా (బ్రౌజర్ నడపగల సంకేతంగా) మారి ఒక గట్టున ఉంటుంది, మైకు బ్రౌజర్ జావాస్క్రిప్ట్ వైపు మరో గట్టున ఉంటుంది. ప్లగిన్ ఈ రెంటిమధ్య తిరిగే పంటు వంటిది. ప్లగిన్స్ ఫోల్డరులో జేఎస్‌లిబ్ అనే ఫైలు పెట్టి, అందులో రాసిన జావాస్క్రిప్ట్ ఫంక్షన్లను సీషార్ప్ నుంచి పిలుస్తారు.

ఇక్కడ మూడు దారులున్నాయి: యూనిటీ ఎసెట్ స్టోరులో సిద్ధంగా దొరికే ప్లగిన్ కొనడం, ఓపెన్ సోర్స్‌లో ఉన్నది తీసుకోవడం, సొంతంగా రాసుకోవడం. కొనేముందు ఆ ప్లగిన్ సోర్స్ చదవండి. రెండు విషయాలు చూస్తే దాని నాణ్యత తెలిసిపోతుంది. అది స్క్రిప్ట్‌ప్రాసెసర్ వాడుతున్నదా, ఆడియోవర్క్‌లెట్ వాడుతున్నదా అన్నది మొదటిది. ధ్వనిని ఆటలోకి ఎలా చేరుస్తున్నది అన్నది రెండవది. జావాస్క్రిప్ట్ నుంచి ఆటకు కబురు పంపే సెండ్‌మెసేజ్ అనే పిలుపు ఒక సంఖ్యనో ఒక పదపంక్తినో మాత్రమే మోయగలదు కాబట్టి, కొన్ని ప్లగిన్లు ధ్వని మొత్తాన్ని బేస్64 అక్షరాలుగా మార్చి పంపిస్తాయి. దానివల్ల పరిమాణం మూడోవంతు పెరుగుతుంది, మళ్లీ విప్పేటప్పుడు తక్కువ మెమరీ ఉన్న ఫోను తడబడుతుంది. మంచి ప్లగిన్ సీషార్ప్ వైపు ముందే కేటాయించిన ఫ్లోట్ వరుస చిరునామాను తీసుకుని, వెబ్‌అసెంబ్లీ మెమరీలోకి శాంపిళ్లను నేరుగా నింపుతుంది. ఆట నడుస్తుండగా ఆ మెమరీ పెరిగితే, జావాస్క్రిప్ట్ దాన్ని అందుకునే పాత చూపు (వ్యూ) చెల్లకుండా పోతుంది. అందువల్ల రాసే ప్రతిసారీ ఆ చూపును కొత్తగా అందుకోవాలి. అప్పుడప్పుడు మాత్రమే ధ్వని ఆగిపోయే అంతుచిక్కని లోపాలకు ఇది ఒక కారణం.

జావాస్క్రిప్ట్ తెలిసిన వ్యక్తి జట్టులో ఒక్కరున్నా సొంతంగా రాసుకోవడమే మంచిదని నా నమ్మకం. మైకు తెరవడం, ఆపడం, శాంపిళ్లు అందించడం, లోపం తెలపడం అనే నాలుగు ఫంక్షన్లతో పని పూర్తవుతుంది. పైగా ఆటను వేరొకరి సైటులో ఐఫ్రేమ్‌గా (పేజీలోపలి పేజీగా) పెట్టినప్పుడు ఆ ఐఫ్రేమ్‌కు మైకు అనుమతి రాయకపోతే ఏ ప్లగినూ పనిచేయదు, ఎంత ఖరీదైనదైనా.

యాప్ తొడుగు ఎప్పుడు

వెబ్ పేజీనే కార్డోవా లేదా కెపాసిటర్ అనే పనిముట్టుతో యాప్‌గా చుట్టి ప్లే స్టోరులో పెట్టి, రికార్డింగును ఫోను సొంత ప్లగిన్‌తో చేయించడం మరో మార్గం. తెర ఆరిపోయినా రికార్డు కొనసాగాలంటే, గంటల తరబడి సాగే సేకరణ అయితే, ఇదే సరైనది. బ్రౌజర్ పేజీ వెనక్కి వెళ్లినప్పుడు మైకు నిలిచిపోయే అవకాశం ఎక్కువ, ముఖ్యంగా ఐఫోనులో. కానీ తొడుగులోనూ ప్లగిన్ లేకుండా గెట్‌యూజర్‌మీడియా నడుస్తుందన్న సంగతి చాలామంది గమనించరు. ఆండ్రాయిడ్‌లో యాప్‌కు రికార్డు అనుమతి ఉండాలి, వెబ్‌వ్యూ అడిగే అనుమతికి యాప్ కోడు సమాధానం చెప్పాలి. ఐఫోనులో మైకు ఎందుకో తెలిపే వాక్యం యాప్ వివరాలలో లేకపోతే మైకు అందదు. ఒకే కోడు వెబ్‌లోనూ యాప్‌లోనూ నడవాలనుకునేవారు ముందు ఇదే ప్రయత్నించి, నేపథ్య రికార్డింగు కావలసినప్పుడే ప్లగిన్ చేర్చుకోవడం మేలు. రొయ్యల రైతు ముప్పై సెకన్ల సందేశానికి యాప్ ఇన్‌స్టాల్ చేయమనడం అనవసరం.

ఇక ఫైలు ఎంచుకునే మామూలు పెట్టెకే ఆడియో కావాలని రాస్తే, ఆండ్రాయిడ్‌లో ఫోనులోని రికార్డర్ యాప్ తెరుచుకునే వీలుంది. కోడు దాదాపు ఏమీ ఉండదు, హెచ్‌టీటీపీఎస్ షరతు లేదు. రికార్డర్ యాప్ లేని ఫోన్లలోనూ ఐఫోన్లలోనూ దీన్ని నమ్ముకోలేము కనుక ప్రధాన మార్గంగా కాక, మైకు అనుమతి దొరకనప్పుడు చూపించే రెండవ బటనుగా ఉంచండి. ముందే రికార్డు చేసి ఉంచుకున్న ఫైలును పంపడానికి కూడా అది ఉపయోగపడుతుంది.

కార్యాలయాల కంప్యూటర్ల మీద

బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌తో మైకును పట్టాలనే ఆలోచన కొందరికి వస్తుంది. క్రోమ్ ప్రస్తుత ఎక్స్‌టెన్షన్ పద్ధతిలో నేపథ్యంలో నడిచే సర్వీస్ వర్కరుకు మైకు అందదు. ఆఫ్‌స్క్రీన్ డాక్యుమెంట్ అనే కనిపించని పేజీని సృష్టించుకుని, అందులో మళ్లీ ఆ గెట్‌యూజర్‌మీడియానే పిలవాలి. మీ సొంత సైటు కోసమే అయితే ఆ తిరుగుడు దేనికీ పనికిరాదు. వేరే సైట్లలో కూడా గొంతుతో టైపు చేయించే పనిముట్టు తయారుచేసేవారికి మాత్రమే అది తగినది.

కంప్యూటరులో చిన్న సహాయక ప్రోగ్రాము పెట్టి, పేజీ దానితో లోకల్‌హోస్ట్ వెబ్‌సాకెట్ ద్వారానో నేటివ్ మెసేజింగ్ (ఎక్స్‌టెన్షన్‌కూ కంప్యూటరులోని ప్రోగ్రాముకూ మధ్య సందేశాల దారి) ద్వారానో మాట్లాడడం ఇంకొక పద్ధతి. ఒకేసారి నాలుగు మైకులను విడివిడి చానెళ్లుగా రికార్డు చేయడం వంటి అవసరాలకు ఇది నిలుస్తుంది. నేటివ్ మెసేజింగులో ప్రోగ్రాము నుంచి బ్రౌజరుకు వచ్చే ఒక్కో సందేశం ఒక మెగాబైటు మించకూడదు కనుక ధ్వనిని దాని ద్వారా పంపక, ఫైలును ప్రోగ్రామే దాచి పేరు మాత్రం పేజీకి చెప్పాలి. ప్రతి కంప్యూటరులోనూ ఇన్‌స్టాల్ చేసి, ప్రతి అప్‌డేటునూ మోసుకుంటూ తిరిగే మనిషి ఉన్న చోటే దీనికి ఒప్పుకోండి.

యాక్టివ్ఎక్స్‌తో (ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పాత ప్లగిన్ పద్ధతితో) రాసిన పాత డిక్టేషన్ పేజీ ఒకటి ఎక్కడైనా కార్యాలయంలో ఇంకా నడుస్తూ ఉంటే, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కు 2022 జూన్ 15న మద్దతు ముగిసినా, ఎడ్జ్‌లోని ఐఈ మోడ్‌లో (పాత ఎక్స్‌ప్లోరర్‌లా ప్రవర్తించే మోడ్‌లో) అది నడుస్తుంది. ఆ మోడ్‌ను కనీసం 2029 వరకు ఉంచుతామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఆ గడువును కొత్త హంగులు చేర్చడానికి వాడకండి. ముందుగా పాత రికార్డింగులన్నిటినీ వేవ్ రూపంలోకి బయటికి తీసి మరోచోట భద్రపరచండి. తరువాత రికార్డు బటన్ ఉన్న ఆ ఒక్క పేజీని గెట్‌యూజర్‌మీడియా, మీడియారికార్డర్లతో తిరగరాసి, సిబ్బంది వాడే కంప్యూటరులోనే, వారి హెడ్‌సెట్‌తోనే, ఎడ్జ్ మామూలు మోడ్‌లో పరీక్షించండి. మిగిలిన పేజీలు ఐఈ మోడ్‌లో ఉండిపోయినా, ఈ ఒక్కటి ముందు బయటపడాలి.